కుందేలును పెరట్లో వదిలే ముందు: విషపు మొక్కల నుంచి కాపాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

వినాయక చవితి అయిపోయాక పత్రిని ఏం చేయాలన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. కొందరు నిమజ్జనంలో కలిపేస్తారు, కొందరు చెట్టు మొదట్లో వేస్తారు. ఇంట్లో కుందేలు ఉంటే మాత్రం ఎవరో ఒకరికి, చాలాసార్లు పిల్లలకు, "ఆకులే కదా, దీనికి వేద్దాం" అనిపిస్తుంది. ఆ ఇరవై ఒక్క రకాల్లో గరిక ఉంది. కుందేలుకు అంతకు మించిన మేత లేదు. అదే కట్టలో కరవీరం పేరుతో గన్నేరు, అర్కం పేరుతో జిల్లేడు, దత్తూరం పేరుతో ఉమ్మెత్త కూడా ఉన్నాయి. మూడూ విషాలే.

మన ఊళ్లలో కుందేలుకు విషం చేరే దారులు రెండు. పెరట్లోనో, టెర్రస్ మీదో వదిలినప్పుడు అదే వెళ్లి కొరకడం ఒకటి. మనమే కోసి తెచ్చి పెట్టడం రెండోది. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. తిరుగుతూ మేసే కుందేలుకు చేదు తగిలితే వదిలేసి పక్క ఆకు చూసుకునే వీలుంటుంది. బోనులో ఆకలి మీద ఉన్నదానికి నాలుగు రకాలు కలిపి వేస్తే ఏరుకునే ఓపిక ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో కంచె గురించి ఎంత చెప్పానో, చేత్తో పెట్టే మేత గురించి అంతకంటే ఎక్కువే చెప్పాను.

ముందుగా కుందేలు పొట్ట సంగతి

కుందేలు వాంతి చేసుకోలేదు. కుక్క, పిల్లి తినకూడనిది తింటే చాలాసార్లు కక్కేస్తాయి. కుందేలుకు ఆ అవకాశమే లేదు, దాని జీర్ణవ్యవస్థ నిర్మాణమే అంత. లోపలికి వెళ్లింది ముందుకే పోవాలి.

చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట సీకం అనే పెద్ద సంచి ఉంటుంది. పీచు అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అందులోంచి వచ్చే మెత్తటి గుళికలను కుందేలు మళ్లీ తింటుంది. ఇది రోగం కాదు, దాని తిండి పద్ధతే అది. ఏదైనా విషం ఈ సూక్ష్మజీవులను దెబ్బతీసినా, నొప్పితో కుందేలు తినడం మానేసినా పేగుల కదలిక ఆగిపోతుంది. చాలా కేసుల్లో తిన్న ఆకు కంటే ఆ తర్వాత పేగులు ఆగిపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీయే, కారణం ఏదైనా సరే.

ఇంకో మాట తరచుగా వినిపిస్తుంది: "మేకలు తింటున్నాయి కదా, కుందేలుకేమవుతుంది?" దీనికి జవాబు సుబాబుల్ ఆకుల్లో ఉంది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా వేస్తారు, కాబట్టి ఆకు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. అందులో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. మేకలు, ఆవుల మొదటి పొట్టలో దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉండొచ్చు. కుందేలుకు నెమరు వేసే పొట్టే లేదు. రోజూ సుబాబుల్ వేస్తే ఎదుగుదల తగ్గి, బొచ్చు ఊడిపోతుంది. పైగా మేక బరువు పాతిక ముప్పై కిలోలు, మీ కుందేలు రెండు కిలోలు. మేకకు లెక్కలోకి రాని గుప్పెడు ఆకు కుందేలుకు పెద్ద మోతాదు.

అడవిలో బతికే చెవులపిల్లి చిన్నప్పటి నుంచీ రకరకాల మొక్కల మధ్యే పెరుగుతూ ఏ ఆకు తినాలో ఏది వదలాలో నేర్చుకుంటుంది. దుకాణం నుంచి తెచ్చిన కుందేలు పంజరంలోనే పుట్టి పెరిగింది, దానికి ఆ చదువు లేదు. "దానికే తెలుస్తుందిలే" అన్న ధీమా పెట్టుకోవద్దు.

మొదటి మెట్టు: కుందేలు ఎత్తుకు దిగి చూడండి

వదలాలనుకున్న చోట నిలబడి చూస్తే మొక్కలు కనిపిస్తాయి. గొంతుకూర్చుని, మోచేతుల మీదకు వంగి చూస్తే కుందేలుకు కనిపించేవి కనిపిస్తాయి. కుండీ వెనక మొలిచిన ఉమ్మెత్త పిలక, గోడ పగుల్లో జిల్లేడు మొలక, పక్కింటి గోడ మీద నుంచి వేలాడుతున్న తీగ, నిన్న గాలికి రాలిన పచ్చ గన్నేరు పూలు అన్నీ అప్పుడే బయటపడతాయి.

వెనక కాళ్ల మీద లేచి నిలబడితే పెంపుడు కుందేలు నోరు దాదాపు రెండు అడుగుల ఎత్తుకు అందుతుంది. అందుకే చుట్టూ మూడు అడుగుల మేర ఏ అనుమానపు మొక్కా లేకుండా చూసుకోండి. పైకి కూడా చూడాలి. కొమ్మలు వాలి ఉంటే ఆకులు, పూలు, కాయలు రోజూ రాలుతూనే ఉంటాయి. కుండీని స్టాండు ఎక్కించి "అందదులే" అనుకోవడంలో ఉన్న తప్పు అదే. మొక్క అందకపోయినా రాలిన ఆకు అందుతుంది.

ఒక్కసారి చూసి వదిలేస్తే చాలదు. వానాకాలంలో వారం తిరిగేసరికి నేల మారిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి, మిగతా నెలల్లో నెలకోసారి ఈ తనిఖీ చేయండి.

రెండో మెట్టు: ఐదారు మొక్కలను గట్టిగా నేర్చుకోండి

వంద మొక్కల జాబితా గోడకు అంటించుకుంటే ఎవరూ చదవరు. మన చుట్టూ రోజూ కనిపించేవి, నిజంగా చంపగలిగేవి కొన్నే. వాటిని పువ్వు లేనప్పుడు కూడా గుర్తుపట్టగలగాలి. పువ్వుంటే ఎవరైనా చెబుతారు.

గన్నేరుతో మొదలుపెడదాం. పూజ పూల కోసం ఇంటి ముందు, హైవేల మధ్య డివైడర్ల మీద, కాలనీ పార్కుల్లో ఎక్కడ చూసినా ఇదే. ఆకు సన్నగా, పొడవుగా, తోలులా మందంగా ఉంటుంది. ఒక కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు వస్తాయి. మధ్య ఈనె లావుగా, దాని నుంచి అంచుల దాకా సన్నటి ఈనెలు దగ్గరదగ్గరగా సమాంతరంగా పోతాయి. ఇందులోని ఓలియాండ్రిన్ నేరుగా గుండె లయను దెబ్బతీస్తుంది. ఎండినా విషం పోదు. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు వదిలేసే జంతువులు వాడిన, ఎండిన ఆకును తినేస్తాయి. కాబట్టి కత్తిరించి కుప్ప పోసిన గన్నేరు కొమ్మలు నిలబడి ఉన్న చెట్టు కంటే ప్రమాదం. పసుపు గంట పూల పచ్చ గన్నేరు వేరే మొక్క. ఆకు ఇంకా సన్నం, తుంచితే పాలు కారతాయి, గింజలో విషం మరీ ఎక్కువ. బిళ్ళ గన్నేరు మూడోది. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీసేది దీని నుంచే. మూడింట్లో దేన్నీ కుందేలు దరిదాపుల్లో ఉంచకండి.

జిల్లేడు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, తెలియనివారు తక్కువ. బూడిద రంగు పొడి చల్లినట్టుండే వెడల్పాటి ఆకు, తుంచగానే ధారగా తెల్లటి పాలు. ఆ పాలు కంట్లో పడితే కుందేలుకైనా మనిషికైనా చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఉమ్మెత్త విషయంలో ఒక చిక్కు ఉంది. కొన్ని కుందేళ్ల రక్తంలో, ఉమ్మెత్త విషాల్లో ఒకటైన అట్రోపిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. అట్రోపిన్ మందుగా కూడా వాడతారు; పశువైద్యులు కుందేళ్లకు దాని బదులు చాలాసార్లు గ్లైకోపైరోలేట్ అనే మరో మందు వాడేది ఇందుకే. ఈ సంగతి సగం విని "కుందేలుకు ఉమ్మెత్త ఏమీ చేయదు" అనేవాళ్లున్నారు. ఆ ఎంజైమ్ అన్ని కుందేళ్లకూ ఉండదు, మీదానికి ఉందో లేదో చూసి చెప్పలేం. ఉమ్మెత్తలో ఉండేది అట్రోపిన్ ఒక్కటే కూడా కాదు. కాబట్టి ముళ్ల కాయల మొక్క కనిపిస్తే వేరుతో సహా పీకేయండి.

ఆముదం మొక్క అరచెయ్యిలా చీలిన పెద్ద ఆకులతో చెత్తకుప్పల దగ్గర, కాలవ గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది, ఆకు కూడా విషమే. అయితే టెర్రస్ తోటలవాళ్లు గమనించాల్సింది మొక్కను కాదు, ఎరువును. ఆముదం చెక్కను సేంద్రియ ఎరువుగా అమ్ముతారు, కుండీల్లో గుప్పెడు కలుపుతారు. నూనె తీశాక కూడా రైసిన్ ఆ చెక్కలోనే ఉండిపోతుంది. వాసన జంతువులను లాగుతుంది, కుందేలుకు మట్టి తవ్వే అలవాటు ఎలాగూ ఉంది. ఇంట్లో కుందేలు ఉంటే ఆముదం చెక్క వాడకం మానేయడమే మంచిది. "సేంద్రియం" అని రాసి ఉన్న మిశ్రమ ఎరువు సంచి మీద కూడా ఏమేం కలిపారో చదవండి.

ఇక వయ్యారిభామ. దీన్ని కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కుందేలుకు మంచి మేత అయిన గడ్డి చేమంతి సరిగ్గా ఇది పెరిగే చోటే పెరుగుతుంది. గడ్డి చేమంతిని కొన్ని ఊళ్లలో గాయపాకు అనీ, పలకాకు అనీ అంటారు. రెండూ చేతిలో పట్టుకుని చూడండి. గడ్డి చేమంతి నేల మీద పాకుతుంది. ఆకు గరుగ్గా, నూగుతో, అంచు రంపంలా ఉంటుంది. పొడవాటి బోసి కాడ చివర ఒకే ఒక్క పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు లేత తెలుపు రేకులు. వయ్యారిభామ లేతప్పుడు నేలకు పరుచుకుని క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది. తర్వాత నిటారుగా లేచి కొమ్మలు వేసి, చివర్లలో బియ్యపు గింజంత తెల్లపూలను గుత్తులుగా పూస్తుంది. పూలు రాకముందు దాన్ని చూసి "క్యారెట్ ఆకులా ఉందే" అని కోసి పెట్టేవాళ్లే ఎక్కువ. దీన్ని పీకేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి, చాలామందికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి.

లంటానా మరొకటి. కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టు అంటారు. నలిపితే ఘాటు వాసన, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు. లివర్‌ను పాడుచేస్తుంది. దీని లక్షణాలు అప్పటికప్పుడు కాకుండా రోజుల తర్వాత కనిపించవచ్చు, అందుకే తిన్నది గుర్తుకు రాదు.

ఇవి బాగా వచ్చాక కసివింద, గురివింద తీగ, ఎర్ర పసుపు అగ్నిజ్వాలల్లాంటి పూల నాభి తీగ, అడవి ఆముదం అనే జట్రోఫా, గ్లిరిసిడియా నేర్చుకోండి. ఇవి ఎక్కువగా పొలం గట్ల మీద, కంచెల్లో కనిపిస్తాయి. ఊరి ఇళ్లలో కుందేళ్లు పెంచేవారికి వీటి అవసరం ఎక్కువ.

తుంచితే పాలు కారే మొక్కను పెట్టొద్దన్న నియమం మంచిదే. గడ్డిలో కలిసిపోయి పెరిగే నానబాలు, ముళ్లజెముడు జాతులు, నందివర్ధనం, దేవగన్నేరు అన్నీ దీంతో పట్టుబడతాయి. కానీ దాని మీదే ఆధారపడకండి. మల్బరీ ఆకు తుంచినా పాలొస్తాయి, అది మంచి మేత. ఉమ్మెత్తకూ వయ్యారిభామకూ పాలు రావు, అవి విషం.

మూడో మెట్టు: కుండీల లెక్క

అపార్టుమెంట్లలో బాల్కనీ, టెర్రస్సే కుందేలుకు "బయట". అక్కడి మొక్కలు నర్సరీ నుంచి వచ్చినవి. కడియం నుంచి లారీల్లో వచ్చే అందమైన కుండీల మొక్కల్లో చాలావాటికి వ్యాపారం పేరు తప్ప ఇంకేమీ తెలియదు. కొనేటప్పుడే అసలు పేరు అడగండి, చెప్పలేకపోతే ఫోటో తీసి వెతకండి.

ముందు తీసేయాల్సింది అడీనియం. లావు కాండం, గులాబీ రంగు పూలతో ప్రతి టెర్రస్ మీదా ఉంటుంది. గన్నేరు కుటుంబమే, గుండె మీద పనిచేసే విషమే. దాని తర్వాత రణపాల. మందు మొక్కగా చాలా ఇళ్లలో ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ అనుమానించరు. ఇందులోనూ, దాని చుట్టం కలాంచోలోనూ గుండెకు హాని చేసే పదార్థాలు ఉన్నాయి. మనుషుల వైద్యంలో వాడేది కుందేలుకు మంచిదనే నియమం ఎక్కడా లేదు.

మనీ ప్లాంట్, డిఫెన్‌బేకియా, పీస్ లిల్లీ, అగ్లోనీమా, పెరట్లో చేమ మొక్కలు వేరే తరహా. వీటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కొరకగానే నోరు మండి, పెదాలు వాచి, చొంగ కారుతుంది. మనకు చేమదుంప ఒలిచేటప్పుడు చేతులు దురద పెట్టేది కూడా వీటివల్లే. చాలావరకు ప్రాణం పోదు, కానీ నోటి నొప్పితో కుందేలు తిండి మానేస్తే పైన చెప్పిన పేగుల సమస్య మొదలవుతుంది.

కలబంద, క్రోటన్లు, పాయింసెటియా, ముళ్లతో ఉండే యుఫోర్బియా, లిల్లీలు కూడా దూరం పెట్టండి. కాలనీ పార్కుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో పచ్చగా కత్తిరించి పెట్టే కంచె మొక్క చాలాచోట్ల దురంతా. బంగారు రంగు చిన్న కాయలు కాస్తుంది, కాయలూ ఆకులూ మంచివి కావు. కుందేలుకు పట్టీ కట్టి పార్కులో తిప్పేవాళ్లు దాని పక్కన ఆగొద్దు.

కూరగాయల మడిలో టమాటా, వంకాయ, బంగాళదుంప మొక్కల ఆకులు, కాడలు పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి ఆకులూ అంతే. చుక్కకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, మానేయడమే నయం. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు రెండు మూడు ఆకులు చాలు. కర్రపెండలం సాగున్న పెద్దాపురం, సామర్లకోట వైపు ఇళ్లలో దాని ఆకు సులువుగా దొరుకుతుంది. అందులో సయనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. లేత జొన్న మొక్కలోనూ అదే ఉంటుంది, వానలు లేక వాడిపోయినప్పుడు మరీ ఎక్కువ.

నాలుగో మెట్టు: కంచె

దీన్ని త్వరగా ముగిస్తాను, ఎందుకంటే పని సులువు. వెల్డ్ మెష్‌తో మూడు అడుగుల ఎత్తు చట్రం చేయించండి. అరంగుళం నుంచి అంగుళం కన్ను ఉన్నది తీసుకుంటే తల దూరదు. పైన కూడా మూత ఉండాలి, లేకపోతే పిల్లులు, గద్దలు వస్తాయి. మట్టి నేలైతే మెష్‌ను ఒక అడుగు లోతుకు పాతండి, లేదా అడుగున మెష్ పరిచి మీద గడ్డి పెరగనివ్వండి. కుందేలు తవ్వడం మొదలుపెడితే ఆగదు. చట్రానికీ బయటి మొక్కలకూ మధ్య రెండు అడుగుల ఖాళీ తప్పనిసరి, మెష్‌లోంచి లోపలికి వాలిన కొమ్మను కుందేలు లాక్కుంటుంది.

లోపల గరిక పెంచండి. వేళ్లతో ఉన్న గరిక ముక్కలు తెచ్చి నాటితే వానాకాలంలో నెలన్నరలో పరుచుకుంటుంది. ఒక పక్క నీడ, నీళ్ల గిన్నె, దాక్కోవడానికి ఒక పెట్టె. ఎండ ముప్పై డిగ్రీలు దాటితే కుందేలుకు ఇబ్బంది మొదలవుతుంది, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు లోపే వదిలి లోపలికి తెచ్చేయండి. వడదెబ్బ తగిలిన కుందేలు కూడా నీరసంగా, నోరు తెరిచి ఊపిరి తీస్తూ పడిపోతుంది. దాన్ని విషం అనుకుని సమయం వృథా చేసేవాళ్లు ఉన్నారు.

ఐదో మెట్టు: వదిలే పద్ధతి

ఆకలితో వదలకండి. ముందు ఎండుగడ్డి కడుపునిండా తిననిచ్చి, ఆ తర్వాత బయటికి పంపండి. నిండిన పొట్ట ఉన్న కుందేలు ఏరుకుని తింటుంది, ఖాళీ పొట్టది ముందు కనిపించింది తింటుంది.

పచ్చి గడ్డి అలవాటు లేని కుందేలును మొదటి రోజే గంటసేపు మేయనిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. అందులో విషం ఏమీ ఉండదు, కానీ చూసేవాళ్లకు టెన్షన్ తప్పదు. పది నిమిషాలతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచుకుంటూ పోండి. మూడు నెలల లోపు పిల్లలకు ఇంకా నెమ్మదిగా.

వదిలినంతసేపూ ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఫోన్ చూస్తూ కాదు. ఏం కొరుకుతోందో చూడటమే ఆ మనిషి పని.

ఆరో మెట్టు: చేత్తో తెచ్చే మేత

నియమం ఒక్కటే. పేరు చెప్పలేని ఆకు పెట్టొద్దు. "ఏదో పిచ్చి మొక్క" అని నోట వచ్చిందంటే అది బోనులోకి పోకూడదు.

గడ్డి కట్ట కొన్నా, పొలం నుంచి ఎవరైనా తెచ్చినా, నేల మీద పరిచి విడదీసి చూడండి. వరి గట్టు మీద కొడవలితో కోసినప్పుడు గరికతోపాటు అక్కడున్న ప్రతిదీ కట్టలోకి వస్తుంది. వెడల్పు ఆకు ఏది కనిపించినా తీసి పక్కన పెట్టండి. అది మంచిదైతే తర్వాత వేయొచ్చు. ఇంట్లో ఒకే ఒక్కరికి ఈ బాధ్యత అప్పగిస్తే మంచిది. అమ్మమ్మ ఒకటి, పిల్లలు ఒకటి, పనమ్మాయి ఒకటి పెడితే సాయంత్రానికి ఏం తిన్నదో ఎవరికీ తెలియదు. చుట్టాలు వచ్చినప్పుడు ముందే చెప్పేయండి, మొహమాటం వద్దు.

నమ్మకంగా పెట్టదగ్గవి మన దగ్గర తక్కువేం లేవు: గరిక, గడ్డి చేమంతి, జామాకు, అరటాకు, మునగాకు, మందార ఆకులు పూలు, మల్బరీ ఆకు, కొత్తిమీర, పుదీనా, కొద్దిగా తులసి. ఇవి కూడా మార్చి మార్చి పెట్టాలి. రోజూ తినే దాంట్లో ఎక్కువ భాగం మాత్రం ఎండుగడ్డే ఉండాలి.

పండగల సంగతికి వస్తే, చవితి పత్రిలోంచి గరికను పూజకు ముందే విడిగా తీసిపెట్టండి. పసుపు, కుంకుమ, అగరుబత్తి బూడిద పడ్డాక అది కూడా పనికిరాదు. బజారులో కొన్న పత్రి కట్టల్లో ఏ ఆకు పేరుతో ఏది అమ్ముతారో నమ్మకం లేదు కాబట్టి మిగతా ఇరవై రకాల జోలికి పోనే వద్దు. తెలంగాణలో బతుకమ్మ పేర్చాక మిగిలే పూలదీ ఇదే కథ. బంతి రేకులు మామూలుగా హాని చేయకపోవచ్చు, కానీ మార్కెట్ పూల మీద కొట్టే పురుగుమందు ఎంతో మనకు కనబడదు. గుట్టలో గన్నేరు పూలూ కలిసి ఉంటాయి. శివరాత్రికి, కార్తీక మాసంలో గుడి నుంచి తెచ్చిన పూలూ అంతే.

మందు కొట్టిన గడ్డి

మొక్క మంచిదే అయినా దాని మీద పడింది విషం కావచ్చు. అపార్టుమెంటు మెయింటెనెన్స్ వాళ్లు గడ్డి మందు కొట్టినా, దోమల కోసం పొగ వేసినా మీకు కబురు పంపరు. మీరే అడిగి తెలుసుకోవాలి. పారాక్వాట్ లాంటి గడ్డి మందు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణం తీస్తుంది. గడ్డి ఒక్కసారిగా పసుపు తిరిగి, మాడినట్టు మచ్చలుగా ఎండిపోతే మందు కొట్టారని అనుమానించండి. రోడ్డు పక్క గడ్డి, పత్తి మిరప చేల గట్ల మీద గడ్డి కోయొద్దు. లాన్ మిషన్ కత్తిరించిన గడ్డి కుప్ప కూడా వద్దు, అది గంటల్లో వేడెక్కి పులిసిపోతుంది. ఎలుకల మందు బిస్కెట్లు తోట మూలల్లో ఉన్నాయేమో చూడండి. కుక్క పిడుదులకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకు వాడకూడదు.

తినేసిందని అనుమానం వస్తే

నోట్లో ఇంకా ఆకు ఉంటే వేలితో మెల్లగా తీసేయండి. కుందేలును లోపలికి తెచ్చి, చల్లగా, నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టండి. తిన్న మొక్కలో కొమ్మ, ఆకు, పువ్వు లేదా కాయ ఉన్న ముక్క తెంపి సంచిలో వేసుకోండి, ఫోటో కూడా తీయండి. డాక్టరుకు ఇది సగం రోగ నిర్ధారణ. ఎంత తిన్నదో, ఎన్ని గంటలకో, కుందేలు బరువెంతో కాగితం మీద రాయండి.

వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. ఉప్పునీళ్లు, పాలు, మజ్జిగ, ఆముదం, కొబ్బరినూనె ఏదీ పోయొద్దు. బలవంతంగా పోసిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో జబ్బు. పొయ్యిలో బొగ్గు నూరి పట్టడం కూడా పనికిరాదు. ఆసుపత్రిలో వాడే యాక్టివేటెడ్ చార్‌కోల్ వేరు, దాని మోతాదు డాక్టరు చూసుకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే మాత్రం ఆలస్యం చేయకుండా శుభ్రమైన నీళ్లతో కడుగుతూ బయలుదేరండి.

గడ్డం తడిసి చొంగ కారుతుంటే నోరు మండే మొక్క అనుకోవాలి. చెవులు చల్లబడి, నడవలేక కూలబడితే గుండె మీద పనిచేసే గన్నేరు, అడీనియం లాంటివి కావచ్చు, ఇక్కడ నిమిషాలు కూడా ముఖ్యమే. కంటిపాపలు పెద్దవై కంగారుగా తిరుగుతుంటే ఉమ్మెత్త గుర్తుకు రావాలి. వంగి కూర్చుని, పళ్లు గట్టిగా నూరుతూ, పెంటికలు వేయకపోతే పొట్ట నొప్పి. ఆముదం గింజ తిన్న కుందేలు మొదటి కొన్ని గంటలు మామూలుగానే ఉండొచ్చు, కాబట్టి "బాగానే ఉందిగా" అని ఆగకండి. మూత్రం ఎర్రగా కనిపిస్తే మాత్రం వెంటనే రక్తమని భయపడొద్దు. బీట్‌రూట్ తిన్నా, కొన్ని ఆకుల రంగు వల్లా ఎర్రబడుతుంది. అనుమానం ఉంటే పరీక్ష చేయించండి.

ప్రతి పశువైద్యుడూ కుందేళ్లు చూడరు. అవసరం రాకముందే మీ ఊళ్లో ఎవరు చూస్తారో, రాత్రి ఫోన్ ఎత్తుతారో లేదో కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రప్రదేశ్‌లో గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. 1962 సంచార పశువైద్య వాహనాల నంబరు, ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టినది. దూరపు పల్లెలో ఇంకో దారి లేనప్పుడు సలహా కోసమైనా చేసి చూడండి.

కుందేలును మెత్తటి తువ్వాలు పరిచిన గాలాడే పెట్టెలో తీసుకెళ్లండి, చేతుల్లో కాదు. భయపడి తన్నుకుంటే వెన్నెముక విరిగిపోవచ్చు.

ఇంటికొచ్చాక

మొదటి రెండు మూడు రోజులు ఎండుగడ్డి, నీళ్లు, డాక్టరు చెప్పిన మందులు తప్ప ఇంకేమీ వద్దు. పచ్చి మేత తర్వాత చూసుకోవచ్చు. అడుగున తెల్ల కాగితం పరిస్తే పెంటికలు ఎన్ని వేసిందో, ఏ పరిమాణంలో ఉన్నాయో తెలుస్తుంది. చిన్నవైపోయినా, దండలా వెంట్రుకతో కలిసి వచ్చినా, అసలు రాకపోయినా మళ్లీ ఫోన్ చేయాలి. తినడం లేదంటే సిరంజితో పెట్టాలా వద్దా అన్నది కూడా డాక్టరే చెప్పాలి, పేగు మూసుకుపోయి ఉంటే పెట్టకూడదు.

ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిలిన్ సిరప్ "ఇన్‌ఫెక్షన్ రాకుండా" అని రెండు చుక్కలు వేసే అలవాటు కొందరికి ఉంది. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు కుందేలు సీకంలోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తాయి, తర్వాత వచ్చే విరేచనాలతోనే ప్రాణం పోవచ్చు. విషం నుంచి బయటపడ్డ కుందేలుకు ఆ సిరప్ ఇవ్వకండి.